పాత బగ్ ట్రాకర్ నుంచి మారేటప్పుడు నంబర్లు, మనుషులు పోకుండా చూసుకోవడం

గుణుపురం నుంచి మీరు అడిగింది ఇది. తెలుగు, ఒడియా, సవర మూడింటికీ పనికొచ్చే కీబోర్డును, దానితోపాటు ఒక స్పెల్‌చెక్ పదకోశాన్ని మీ ఐదుగురూ కలిసి ఓపెన్ సోర్సుగా నడుపుతున్నారు. కోడ్ ఇప్పటికే గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే సైటులో ఉంది. బగ్‌లు (తప్పుల రిపోర్టులు) మాత్రం ఒక స్నేహితుడి సర్వర్లో, వాటిని నంబర్లతో నమోదు చేసే బగ్‌జిల్లా అనే పాత ట్రాకర్లో ఉన్నాయి. సుమారు 1,800. ఆ సర్వర్ రెండు నెలల్లో ఆగిపోతుంది. మీలో ఒకరు పాతవన్నీ వదిలేసి కొత్తగా మొదలుపెడదాం అంటున్నారు. ఇంకొకరు ఒక్క కామెంటు కూడా వదలడానికి వీల్లేదంటున్నారు. ఏం చేయాలి?

నేను పర్లాకిమిడిలో ఉంటాను. ఇలాంటిదే ఒక చిన్న ప్రాజెక్టును చాలా ఏళ్లుగా చూసుకుంటున్నాను. 2018లో మేమూ పాత ట్రాకర్ వదిలి గిట్‌హబ్‌కు వచ్చాం. అప్పుడు చేసిన తప్పుల్లో కొన్నిటిని వారంలో సరిచేసుకున్నాం, ఒకదానికి మాత్రం రెండేళ్లు పట్టింది. మీకు ఆ కష్టం రాకూడదని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు నా మాట చెప్పేస్తాను. తెరిచి ఉన్న బగ్‌లను, గత ఏడాదిలో మూసినవాటిని గిట్‌హబ్‌కు తీసుకెళ్లండి. మిగతావన్నీ చదవడానికి మాత్రమే వీలుండే మామూలు వెబ్ పేజీలుగా మార్చి, ఇప్పుడున్న చిరునామాలోనే ఉంచండి. పాత నంబరు పట్టుకుని వచ్చినవాళ్లకు ఆ బగ్ ఎప్పటికీ దొరకాలి. ఇన్నాళ్లూ బగ్‌లు చెప్పినవాళ్లు రేపు కూడా చెప్పగలగాలి. ఈ రెండూ జరిగితే మారడం బాగా జరిగినట్టే. లేబుళ్ల రంగులు, మైల్‌స్టోన్లు, పాత ప్రయారిటీలు పోయినా పెద్ద నష్టం లేదు.

నంబర్ల గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, బగ్ నంబరు ట్రాకర్లో ఒక్కచోటే ఉండదు. కోడ్ మార్చిన ప్రతిసారీ రాసే మీ కమిట్ మెసేజుల్లో "బగ్ 214 సరిచేశాను" అని ఉంటుంది. కోడ్ మధ్యలో కామెంటుగా ఉంటుంది. ఎవరికో రాసిన ఈమెయిల్లో, వాట్సాప్ గ్రూపులో, వాడేవాళ్ల కోసం రాసిన సూచనల్లో ఉంటుంది. వాటిని మీరు మార్చలేరు. గిట్‌లో ఉన్న ఆ మార్పుల చరిత్రను తిరగరాస్తే ఇప్పటికే కోడ్‌ను క్లోన్ (కాపీ) చేసుకున్నవాళ్లందరికీ ఇబ్బంది. ఐదేళ్ల తర్వాత ఎవరో కొత్త అమ్మాయి మీ కోడ్‌లో ఈ వింత ఇఫ్ కండిషన్ ఎందుకుందా అని వెతికితే, ఆమెకు దారి చూపించేది ఆ నంబరు ఒక్కటే.

గిట్‌హబ్‌లో ఒక చిక్కు ఉంది. అక్కడ ఇష్యూలకూ (బగ్‌లకు అక్కడి పేరు), పుల్ రిక్వెస్టులకూ (ఈ మార్పును కోడ్‌లో కలపండని పంపేవి) ఒకే వరుసలో నంబర్లు పడతాయి. మీ రిపోలో (అక్కడ మీ కోడ్ ఉండే చోటు) ఇప్పటికే మూడొందల పైచిలుకు పుల్ రిక్వెస్టులు ఉన్నాయన్నారు. అంటే 214 అనే నంబరు ఇప్పటికే వేరే పుల్ రిక్వెస్టుకు పోయింది. మీ పాత బగ్ 214కు ఆ నంబరు ఇక రాదు. పైగా పాత కామెంట్లలో "#214" అని ఉంటే, దిగుమతి కాగానే గిట్‌హబ్ దాన్ని ఆ సంబంధం లేని పుల్ రిక్వెస్టుకు లింకు చేసేస్తుంది. తప్పు లింకు కంటే లింకు లేకపోవడమే నయం.

పెద్ద ప్రాజెక్టులు దీన్ని ఎలా దాటాయో చూడండి. వికీపీడియాను నడిపే వికీమీడియా 2014 నవంబరులో బగ్‌జిల్లా నుంచి ఫ్యాబ్రికేటర్ అనే ట్రాకర్‌కు మారినప్పుడు ప్రతి పాత నంబరుకూ 2000 కలిపారు. పాత బగ్ 1 కొత్తచోట టీ2001 అయింది. ఎవరైనా నోటిలెక్కతో చెప్పేయొచ్చు, పట్టిక చూడక్కర్లేదు. పాత లింకు నొక్కినా కొత్త పేజీకే పోయే ఏర్పాటు కూడా చేశారు. నాకు తెలిసినంతలో ఇంత శుభ్రమైన పద్ధతి ఇంకొకటి లేదు. పైథాన్ వాళ్లు 2022 ఏప్రిల్లో రౌండప్ అనే ట్రాకర్ నుంచి గిట్‌హబ్‌కు వచ్చినప్పుడు అలా కుదరలేదు, ఎందుకంటే పుల్ రిక్వెస్టులు అప్పటికే వేలల్లో ఉన్నాయి. అందుకని పాత నంబర్ల ముందు ‘బీపీఓ’ (పాత ట్రాకర్ చిరునామా bugs.python.orgకు పొట్టి పేరు), కొత్తవాటి ముందు ‘జీహెచ్’ (గిట్‌హబ్) అనే గుర్తులు పెట్టి, రెండింటినీ ఎవరూ కలిపేసుకోకుండా చూశారు. పాత ట్రాకర్‌ను తీసేయలేదు, చదవడానికి మాత్రమే ఉంచి, అక్కడినుంచి ఇక్కడికీ ఇక్కడినుంచి అక్కడికీ లింకులు పెట్టారు.

మీది పైథాన్ లాంటి పరిస్థితే. కాబట్టి పాత బగ్‌లకు ఒక పొట్టి గుర్తు పెట్టుకోండి, "పాత-214" అన్నట్టు. దిగుమతి చేసే ప్రతి ఇష్యూ శీర్షిక చివర అది ఉండాలి. దిగుమతి చేసే స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాము) పాత కామెంట్లలో "బగ్ 214", "#214" లాంటివి ఎక్కడ కనిపించినా ముందే వాటిని పాత పేజీకి పూర్తి లింకుగా మార్చేయాలి. ఏ పాత నంబరు ఏ కొత్త ఇష్యూ అయిందో ఒక మామూలు టెక్స్ట్ ఫైలు తయారవుతుంది కదా, దాన్ని మీ రిపోలోనే కమిట్ చేయండి. సర్వర్లు పోయినా రిపోతో పాటు అది బతుకుతుంది.

గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్‌లో ఈ చిక్కు లేదు. అక్కడ ఇష్యూలకు ఒక వరుస, మెర్జ్ రిక్వెస్టులకు (పుల్ రిక్వెస్టులకు అక్కడి పేరు) ఇంకో వరుస. పైగా ఏపీఐ (ప్రోగ్రాములు సైటుతో నేరుగా పని చేయించుకునే దారి) ద్వారా ఇష్యూ పెట్టేటప్పుడు ప్రాజెక్టు ఓనర్ నంబరును, పాత తేదీని తానే ఇవ్వొచ్చు. 214 అక్కడ 214గానే ఉంటుంది. కోడ్ ఎక్కడ పెట్టాలో ఇంకా తేలనివాళ్లయితే నేను అటే వెళ్లమనేవాణ్ణి. కానీ మీ కోడ్, మీ కాంట్రిబ్యూటర్లు అందరూ గిట్‌హబ్‌లో ఉన్నారు. ఐదుగురు మనుషులు రెండు చోట్లు చూసుకోవడం కష్టం. గిట్‌హబ్‌లోనే ఉండండి.

ఇప్పుడు మన భాషలకు సంబంధించిన సంగతి. దీని గురించి ఇంగ్లిషు గైడుల్లో పెద్దగా రాయరు, మన దగ్గర మాత్రం నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే.

కంప్యూటర్ అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు పడతాయి, ఒడియాకూ మూడే. సవర లిపి సొరంగ్ సొంపెంగ్ అలా కాదు. మంగై గొమాంగో 1936లో రూపొందించిన ఆ లిపి యూనికోడ్‌లోకి 2012లో, 6.1 వెర్షన్లో వచ్చింది. దానికి దొరికిన చోటు మొదటి 65,536 స్థానాల బయట. అందుకని ఒక్కో అక్షరానికి నాలుగు బైట్లు కావాలి. బగ్‌జిల్లాలకు మామూలుగా వాడే డేటాబేసు మైఎస్‌క్యూఎల్‌లో చాలాకాలం ‘యూటీఎఫ్8’ అనే పేరుతో ఉన్నది మూడు బైట్ల వరకే పట్టుకునేది. నాలుగు బైట్లు పట్టేదాని పేరు ‘యూటీఎఫ్8ఎంబీ4’, అది 5.5 వెర్షన్‌తో వచ్చింది. పాత పట్టికలో సవర అక్షరం పెట్టబోతే, సెట్టింగును బట్టి ఎర్రర్ వస్తుంది, లేదా ఆ అక్షరం దగ్గర వాక్యం తెగిపోతుంది. మిగతా పేరా అంతా మాయం. ఎవరికీ హెచ్చరిక కూడా కనిపించదు.

గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలోనే పాఠాలు చెబుతూ సవర నేర్చుకుని, తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు. ఆ భాష మాట్లాడే ఊరివాడు ఇవాళ తన సొంత లిపిలో ఒక బగ్ రాసి పంపితే, మన డేటాబేసు దాన్ని సగంలో కోసేయడం నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే మీరు చేయాల్సిన మొట్టమొదటి పరీక్ష ఇదే: సవర అక్షరాలున్న పాత బగ్‌లు నాలుగైదు వెతికి, పాత పేజీలో పూర్తిగా ఉన్నాయో లేదో చూడండి. అక్కడే తెగిపోయి ఉంటే డేటాబేసు నుంచి ఇక తిరిగి రాదు. ఆ బగ్‌కు జతచేసిన స్క్రీన్‌షాట్ ఉంటే దాన్ని చూసి మళ్లీ టైపు చేయండి, లేదా రాసినవారినే అడగండి. అక్కడ బాగానే ఉంటే, డేటాబేసును ఫైలుగా దించేటప్పుడు, అంటే డంప్ తీసేటప్పుడు, క్యారెక్టర్ సెట్ (అక్షరాలు దాచే పద్ధతి) యూటీఎఫ్8ఎంబీ4 అని స్పష్టంగా ఇవ్వండి.

ఇంకో రకం కూడా ఉంది. బాగా పాత బగ్‌జిల్లాల్లో పట్టికలు లాటిన్1 (యూరప్ భాషలకు వాడిన పాత అక్షరాల పద్ధతి) అని ఉంటాయి, లోపల బైట్లు మాత్రం సరైన యూటీఎఫ్-8. అలాంటి చోట అజాగ్రత్తగా డంప్ తీస్తే ప్రతి తెలుగు అక్షరమూ మూడు వింత గుర్తులుగా మారుతుంది. కంగారు పడకండి, బైట్లు పోలేదు, రెండుసార్లు మార్పు జరిగిందంతే. సరైన సెట్టింగుతో మళ్లీ తీస్తే బాగుపడుతుంది. పాత డేటాబేసును మాత్రం అప్పటిదాకా చెరపకండి.

కనిపించని అక్షరాల విషయం కూడా చూడండి. ‘సాఫ్ట్‌వేర్’ అని రాయడానికి ట్ తర్వాత కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు ఉంటుంది. అది లేకపోతే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. శుభ్రం చేసే పేరుతో కొన్ని స్క్రిప్టులు కనిపించని అక్షరాలన్నీ తీసేస్తాయి. మీది కీబోర్డు ప్రాజెక్టు. "ఆ గుర్తు పడటం లేదు" అన్నదే బగ్ అయితే, దిగుమతి తర్వాత సరైన ఉదాహరణ, తప్పు ఉదాహరణ రెండూ ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు ఆ బగ్ ఎవరికీ అర్థం కాదు. మాకు ఇదే జరిగింది, ఓ పాతిక బగ్‌లు చేత్తో సరిచేశాం.

ఇక స్క్రిప్టు. బగ్‌జిల్లా నుంచి ప్రతి బగ్‌నూ ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా తీసుకోవచ్చు. 5.0 వెర్షన్ అయితే రెస్ట్ ఏపీఐ కూడా ఉంటుంది. అటాచ్‌మెంట్లు చాలావరకు డేటాబేసులోనే ఉంటాయి, కానీ పెద్ద ఫైళ్లు సర్వర్లో విడిగా డేటా ఫోల్డర్లో ఉండొచ్చు. డేటాబేసు డంప్ ఒక్కటే తీసుకుని సర్వర్ ఆపేస్తే అవి పోతాయి. రెండూ తీసుకోండి. గిట్‌హబ్ ఏపీఐతో ఇష్యూలకు ఫైళ్లు జతచేయడం కుదరదు కాబట్టి, అటాచ్‌మెంట్లను పాత పేజీల దగ్గరే ఉంచి లింకు ఇవ్వండి.

వేగం గురించి ముందే లెక్క వేసుకోండి. కొత్తగా రాసే పనులకు గిట్‌హబ్ పెట్టిన హద్దు మామూలుగా నిమిషానికి 80, గంటకు 500. 1,800 బగ్‌లు, ఒక్కోదానికి సగటున ఐదు కామెంట్లు అనుకుంటే 10,800 పనులు. దాదాపు 22 గంటలు ఆగకుండా నడవాలి. మన దగ్గర 22 గంటలు కరెంటూ నెట్టూ నిలకడగా ఉంటాయని నమ్మకం పెట్టుకోవద్దు. మేం మారుతున్నది 2018 అక్టోబరులో. ఆ 11వ తేదీన తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, గజపతి జిల్లా అతలాకుతలమైంది. మా స్క్రిప్టు సగంలో ఉంది. కరెంటు తిరిగొచ్చాక మళ్లీ మొదలుపెడితే, ఎక్కడిదాకా వచ్చిందో అది ఎక్కడా రాసుకోలేదు గనుక మొదటినుంచి అన్నీ రెండోసారి పెట్టేసింది. ఆ జంటల్ని ఏరి మూయడానికి వారం పట్టింది. కాబట్టి ప్రతి ఇష్యూ తయారవగానే దాని పాత నంబరు, కొత్త నంబరు ఫైల్లో రాసి, తర్వాతే ముందుకు కదిలేలా స్క్రిప్టు రాయండి. ఆగినచోటి నుంచి అందుకోవాలి.

కామెంట్లన్నీ ఒకే ఇష్యూలో వరుసగా కలిపేస్తే పని చాలా తగ్గుతుంది. ఒక ఇష్యూలో 65,536 అక్షరాల వరకు పడతాయి. నేనైతే అదే చేస్తాను. తెరిచి ఉన్నవి, ఈ ఏడాదివి కలిపి మూడు నాలుగొందలే అయితే గంటలోపు అయిపోతుంది.

ప్రతి ఇష్యూ పైన నాలుగు సంగతులు ఉండాలి: ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, పాత నంబరు, పాత పేజీ లింకు. ఎందుకంటే గిట్‌హబ్‌లో కనిపించే పేరు మీ టోకెన్‌ది (స్క్రిప్టు లాగిన్ అయ్యే ఖాతాది), కనిపించే తేదీ దిగుమతి చేసినది. మీ సొంత ఖాతాతో చేయకండి, దీనికోసం విడిగా ఒక బాట్ ఖాతా పెట్టుకోండి. వేరేవాళ్లు రాత్రిళ్లు కూర్చుని కష్టపడి రాసిన రిపోర్టులు మన పేరుమీద కనిపించడం న్యాయం కాదు. ఈమెయిల్ చిరునామాలు మాత్రం తీసేయండి. బగ్‌జిల్లాలో లాగిన్ అయినవాళ్లకే కనిపించినవి ఇక్కడ ప్రపంచమంతా చూస్తుంది. దాచి ఉంచిన సెక్యూరిటీ బగ్‌లు ఏవైనా ఉంటే స్క్రిప్టుకు అందకుండా ముందే పక్కన పెట్టండి.

‘@’ గుర్తును కూడా చంపేయాలి. పాత కామెంట్లో "@రవి చూడు" అన్నట్టు ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటే, ఆ పేరుతో గిట్‌హబ్‌లో ఉన్న ఎవరో తెలియని మనిషికి నోటిఫికేషన్ పోతుంది. మావల్ల ఎక్కడివాళ్లో కొందరికి ఒకే రాత్రి పదుల కొద్దీ మెయిళ్లు వెళ్లాయి, క్షమాపణ చెప్పుకున్నాం. డ్రై రన్ (అసలు రోజుకు ముందు పరీక్షగా నడపడం) తప్పకుండా ప్రైవేటు రిపోలో చేయండి, పబ్లిక్ రిపోలో చేస్తే వేరే ప్రాజెక్టుల ఇష్యూల మీద కూడా మీ పరీక్షల జాడ పడుతుంది. మీ రిపోను వాచ్ చేస్తున్నవాళ్లకు అసలు రోజు ముందు చెప్పి, నోటిఫికేషన్లు కాసేపు ఆపుకోమనండి.

పాత ట్రాకర్‌ను మూసి కొత్తది తెరిచే మధ్యకాలం వీలైనంత చిన్నదిగా ఉండాలి. మన నౌపడా–గుణుపురం లైను బ్రాడ్ గేజ్ చేయడానికి 2004లో రైళ్లు ఆపితే, గుణుపురం దాకా మళ్లీ నడిచేసరికి 2011. అన్నేళ్లూ బస్సులే దిక్కు. ట్రాకర్ రెండు వారాలు మూసినా జనం వేరే దారి చూసుకుంటారు, బగ్‌లు వాట్సాప్‌లోకి పోయి అక్కడే మునిగిపోతాయి. శుక్రవారం రాత్రి బగ్‌జిల్లాలో కొత్త బగ్‌లు తీసుకోవడం ఆపేసి, సోమవారం పొద్దున్నకు కొత్తది తెరవండి. అంతకుముందు రెండు మూడు ఆదివారాలు ఐదుగురూ కలిసి కూర్చుని తెరిచి ఉన్నవన్నీ ఒక్కొక్కటి చూడండి. ఎప్పుడో సరైపోయినవి చాలా ఉంటాయి, వాటిని పాతచోటే మూసేయండి. కొత్తగా మొదలుపెడదాం అన్న మీ స్నేహితుడి బాధ నిజానికి ఆ పాత బరువు గురించే అయి ఉంటుంది, ఇక్కడే అది తీరిపోతుంది. రెండో స్నేహితుడి కోసం పాత పేజీలన్నీ స్టాటిక్ హెచ్‌టీఎమ్‌ఎల్‌గా దించి, అదే డొమైన్‌లో గిట్‌హబ్ పేజెస్ లాంటి చోట పెట్టండి. డొమైన్ రెన్యువల్ ఎవరి పేరు మీద ఉందో, ఏటా ఎవరు కడతారో ఇప్పుడే తేల్చుకోండి.

చివరిగా, మాకు రెండేళ్లు పట్టిన తప్పు.

మా ఊళ్లో ఒక డీటీపీ షాపు ఉంది. పెళ్లికార్డులు ఒకవైపు తెలుగు, ఒకవైపు ఒడియా వేస్తారు. ఆ షాపాయన మా పాత ట్రాకర్‌కు ఈమెయిల్ ద్వారా బగ్‌లు పంపేవారు. ఏ ఒత్తు ఏ ఫాంటులో ఎక్కడ తప్పుగా పడుతోందో ఆయన చెప్పినంత కచ్చితంగా మాలో ఎవరూ చెప్పలేకపోయేవాళ్లం. మేం గిట్‌హబ్‌కు మారాం, కొత్త ఇష్యూ పెట్టాలంటే ఖాతా ఉండాలి, పేజీ అంతా ఇంగ్లిషులో. ఆయన నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. బగ్‌లు తగ్గాయని మేం సంతోషపడ్డాం. 2020లో ఏదో కార్డు పనిమీద షాపుకు వెళితే, సొరుగులోంచి ఒక నోటు పుస్తకం తీసి చూపించారు. రెండేళ్ల బగ్‌లు, తేదీలతో సహా, పెన్నుతో రాసి ఉన్నాయి. "మీ కొత్తదాంట్లో ఎలా పెట్టాలో తెలియలేదు బాబూ, ఎప్పుడైనా వస్తారు కదా ఇద్దామని ఉంచాను" అన్నారు. ఆ పుస్తకంలోంచి మేం ఇష్యూలుగా పెట్టినవాటిలో కొన్ని, పత్రికల వాళ్లు కూడా ఎదుర్కొంటున్న తప్పులే.

అప్పటినుంచి మా దగ్గర ఒక ఈమెయిల్ చిరునామా, ఒక ఫోన్ నంబరు ఉన్నాయి. వారానికి ఒకరం వంతు వేసుకుని, వచ్చినవాటిని చెప్పినవారి మాటల్లోనే ఇష్యూగా పెడతాం, సరైపోయాక వాళ్లకు ఫోన్ చేసి చెబుతాం. గిట్‌ల్యాబ్‌లో అయితే వచ్చిన మెయిల్ దానంతట అదే ఇష్యూగా మారే సర్వీస్ డెస్క్ ఉచితంగానే ఉంది, గిట్‌హబ్‌లో ఆ సదుపాయం లేదు గనుక మనిషి కావాలి. మీ పాత డేటాబేసులో ఎక్కువ బగ్‌లు చెప్పిన ఇరవై మంది పేర్లు తీయండి. వాళ్లలో గిట్‌హబ్ ఖాతా లేనివాళ్లు ఎందరో చూడండి. స్క్రిప్టు రాయడం మొదలుపెట్టకముందే వాళ్లకు ఫోన్ చేయండి. ఇష్యూ టెంప్లేట్ తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి పెట్టండి. ఏ భాషలో రాసినా, తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసినా తీసుకుంటామని అందులో మొదటి వాక్యంగానే ఉండాలి.

ముందు ఆ సవర బగ్‌ల పరీక్ష చేసి, పాత పేజీలో వాక్యాలు పూర్తిగా ఉన్నాయో లేదో ఇక్కడ రాయండి. పట్టికల క్యారెక్టర్ సెట్ ఏముందో కూడా చెబితే, డంప్ ఎలా తీయాలో మీ వెర్షన్‌కు సరిపడేలా రాసిస్తాను.